గడిలో పట్టని పేరు

కేసు షీటులో రోగం పేరుకి ఇచ్చిన గడి
మూడంగుళాలు.
"న్యూమోకోని" దగ్గరే అంచు తగిలింది.
చిన్న అడ్డగీత పెట్టి
మిగిలిన "యోసిస్"ని కింది వరసలోకి దింపాను.

చినవాల్తేరు ఛాతీ ఆసుపత్రిలో
పదకొండేళ్లుగా రాస్తున్నాను ఇలాంటి పేర్లు.
అర్థం అడిగినవాళ్లు లేరు,
కోరాడ అసిరమ్మ తప్ప.
పోర్టు యార్డులో బొగ్గు వేగన్ల పక్కన
ఇరవై రెండేళ్లు చీపురు పట్టిన మనిషి.
"ఏటి బాబూ, గూడ్సుబండంత పొడుగుంది!
ఏ పెట్టిలో ఏటుందో సెప్పీ."

డాక్టరమ్మ దగ్గర విన్నంతలో విప్పాను.
న్యూమోన్ అంటే గ్రీకులో ఊపిరితిత్తి.
కోనిస్, అదీ గ్రీకే, దుమ్ము.
చివరిది ఉత్త గార్డు పెట్టె,
ఇది జబ్బు సుమా అని పచ్చజెండా ఊపడానికి.
ఆమె చాలాసేపు ఆలోచించింది.
"దుమ్ము మాత్రం మనదే గదా."

హౌస్ సర్జన్ కుర్రాడు మా మాటల్లో దూరాడు.
ఇంతకన్నా పొడుగుది ఉంది, నలభై ఐదు అక్షరాలంటూ
మందుల చీటీ వెనక రాశాడు.
చీటీ అడ్డంగా తిప్పినా చాలక
తన అరచేతి మీద ముగించాడు.
అందులో లాటిన్ వాళ్ల చెకుముకి రాయుంది,
"అవతల" అనే మాటుంది,
కంటికందని చిన్నతనముంది, ఒక అగ్గికొండ కూడా.
పొడుగు కోసమే ఎవరో సరదాగా అతికారట.
ఆ పేరుతో మంచం పట్టినవాళ్లని
తనైతే చూళ్లేదన్నాడు.

"అగ్గికొండెందుకు మద్దిన?"

వల్కన్ అని వాళ్లకో దేవుడున్నాడమ్మా,
కమ్మరి, కాలు కుంటి,
కొండ కింద కొలిమి పెట్టుకుని
దేవుళ్లందరికీ కత్తులు సాగ్గొడతాడు.

అసిరమ్మ దుప్పటి తీసి లేచి కూర్చుంది.
అనకాపల్లిలో వాళ్లయ్య
బండి చక్రాలకి పట్టాలేసేవాడట.
ఎనిమిదేళ్ల పిల్ల,
బడి గంట వినపడుతుంటే
తోలుతిత్తి తాడు లాగేదట.
దగ్గొచ్చింది. నీళ్లిచ్చాను.
గ్లాసు పట్టుకునే అడిగింది:

"ఆ కుంటాయనకి
తిత్తి ఎవులు లాగీవోలు బాబూ?"

కుర్రాడు అరచెయ్యి చూసుకున్నాడు.
నాకూ తెలీదు.
పుట్టినప్పట్నుంచీ ఊపిరితిత్తి అంటున్నాను,
అందులో తిత్తి ఉందని
ఆమె రొమ్ము ఎగసిపడుతుంటే కనిపించింది.

బల్ల దగ్గరికొచ్చి షీటు పూర్తిచేశాను.
వృత్తి గడి కూడా మూడంగుళాలే.
"కూలీ" అని రాస్తే
ఇంకా బోలెడు చోటు మిగిలింది.