వాలుగ దవడ

మొదటి నెలల్లో నేనే మాట్లాడేవాణ్ణి.
బోర్డు మీద కాలేయం బొమ్మ గీసి,
ఎర్రసుద్దతో మచ్చలు పెట్టి,
పన్నెండు తలలు ఊగితే
వైద్యం జరిగిందనుకుని
నాగావళి వంతెన మీద ఈల వేసుకుంటూ ఇంటికెళ్లేవాణ్ణి.

తలూపడం వాళ్లకు వచ్చిన విద్యే.
పెళ్లాం ముందు, షావుకారు ముందు, ఎస్సై ముందు
ఇరవై ఏళ్లుగా ఊగుతున్న తలలవి.

ఇప్పుడు బోర్డు మొహం గోడకు తిప్పేశాను.
కుర్చీలు గుండ్రంగా వేస్తారు, వేసేది వాళ్లే.
ఒకదానికి వెనక కాలు విరిగింది.
అందులో నేను కూర్చుంటాను.
జారబడితే పడతాను కనక
ముందుకు వంగే ఉంటాను. వినేవాడిలా కనబడతాను.
కొన్నాళ్లకు నిజంగానే వినడం మొదలైంది.

శ్రీకాకుళం, పెద్దాసుపత్రి వెనక మేడ.
కిటికీలోంచి మార్చురీ రేకులు,
వాటి మీద ఎండేసిన వార్డు దుప్పట్లు.
మంగళవారం. భావనపాడు మైలపల్లి దానయ్య
రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు,
వణుకు దాచే పద్ధతి.

"ఎందుకు తాగావు" అని ఈ గదిలో అడగం.
అడిగితే వచ్చేది జవాబు కాదు, వకాల్తా.
ఎప్పుడు, ఎక్కడ, పక్కనెవరు, జేబులో ఎంత,
ఇవి అడగొచ్చు.
"ఏడురోడ్ల కాడ. జీతం రోజు. పక్కన బావమరిది."
అంతే. ఆ తరవాత ఎవరి గోడ వాళ్లు చూసుకున్నారు.

ఆ నిశ్శబ్దాన్ని జారవిడవకుండా పట్టుకోవడమే
నా ఉద్యోగంలో కష్టమైన పని.
నాలుక కింద మాట ఉప్పుబిళ్లలా ఊరుతుంది.
ఫ్యాను అరిగిన బేరింగుతో లెక్కపెడుతుంది.

పొందూరు బైరి కూర్మారావు గొంతు సవరించుకున్నాడు.
"మా ఆడది వాలుగ సేప దవడతోటి
పత్తి దువ్వుతాది బాబూ.
నలుసంతా రాలిపోయి మబ్బునాగవుతాది.
ఆ దవడ నాను అమ్మీసినాను.
నలబై రూపాయలకి."

"ఆమె ఎంత బాధపడి ఉంటుందో"
అనబోయాను.
అని ఉంటే గది అక్కడే చచ్చిపోయేది.

దానయ్య తొడల కిందనుంచి చేతులు తీశాడు.
"ఏ సేపన్నావు?"
"వాలుగ."
"మా సంద్రంలో ఉండదది. సెరువు సేప.
దవడ ఎంతుంటాది?"
కూర్మారావు వేళ్లతో చూపించాడు. వేళ్లు వణికాయి.
దానయ్య ఆ కొలత తన వేళ్లలోకి తీసుకున్నాడు. అవీ వణికాయి.
ఇద్దరి మధ్యా లేని ఎముక కోసం
మిగతావాళ్లు మెడలు చాచారు.

నా వైపు ఒక్కరూ చూడలేదు.
ఆరేళ్లలో నేనందుకున్న పెద్ద జీతం అది.

తరవాతి వారం దానయ్య తాగి వచ్చాడు.
తాగి ఉంటే ఇక్కడ కూర్చోకూడదు. పంపేశాను.
నర్సు మంచం చూపించింది.
గంజాయి కేసు కుర్రాడు, ఇంజనీరింగు మధ్యలో ఆపినవాడు,
ఖాళీ కుర్చీ తీసెయ్యబోయాడు.
"ఉండనీ" అన్నాడు కూర్మారావు.
అని, నా మీదికి తిరిగాడు.
"గెంటీసినావు గదా బాబూ.
మా యింటోలూ అదే సేసినారు.
నీకూ ఆలకీ తేడా ఏటి?"

నా దగ్గర నియమావళి ఉంది, పేజీ నంబరుతో సహా.
తియ్యలేదు.
"కోపంగా ఉందా?"
"ఉంది."
"ఇంకెవరికి?"
ఏడు చేతులు లేచాయి. అందులో ఒకటి నాది.

సాయంత్రం వార్డులోకి తొంగిచూశాను.
దానయ్య మత్తులో ఉన్నాడు, జుట్టులో ఇసక, ఎండిన వాంతి.
పక్కన కూర్మారావు, తడిగుడ్డతో,
తొందర లేకుండా, నలుసు తరవాత నలుసు.
నేను లోపలికి వెళ్లలేదు.
దీన్ని రాయడానికి కేసు షీటులో గడి లేదు.

రేపటికి దానయ్య ఉంటాడో గోడ దూకుతాడో తెలీదు.
ఆ కుర్చీ కాలికి మేకు కొట్టించాలి.
వద్దులే.