తప్పిన కన్ను

పొగమంచులో పడవ రెండు రోజులు కదల్లేదు.
మూడో నాడు, ఖాళీ రక్తపు గొట్టాల పెట్టెతో
సెల్బీ పార్డీ వంటింట్లో కూర్చున్నాను.
న్యూఫౌండ్‌లాండ్ దక్షిణపు ఒడ్డు. పదిహేడిళ్ల ఊరు.
కాడ్ చేప కరువై ముప్పై ఏళ్లు దాటినా
ఆయనింకా వలలు బాగుచేస్తూనే ఉన్నాడు,
అమ్మడానికి కాదు,
చేతులు ఊరుకోక.

ఆటుపోట్ల పట్టిక వెనక వంశాన్ని గీయమన్నాను.
మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా,
కడుపు జబ్బుతో పోయినవాళ్లకు నలుపు.
తండ్రి ఎలియోల్, నలభై మూడు.
మేనత్త డ్రూసిల్లా, ముప్పై తొమ్మిది.
తమ్ముడు లియాండర్ దగ్గర పెన్సిల్ ముక్కు విరిగింది.
చేపలు కోసే కత్తితో చెక్కుకుని
మళ్లీ నింపాడు.

"ఉప్పుచేప తిని తిని, అన్నారు కొందరు.
మా అవ్వ శాపమంది.
నువ్వేమంటావ్?"

ఆయన ఒళ్లో వల చూస్తూ అన్నాను:
పేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి
తనను తాను కొత్తగా అల్లుకుంటుంది.
అల్లిన ప్రతిసారీ వందల కోట్ల అక్షరాల చూచిరాత.
ఒకే అక్షరం వరసగా వచ్చిన చోట
ఎంతటి రాతగాడైనా లెక్క తప్పుతాడు.
ఆ తప్పిన కన్ను వెతికి, విప్పి, తిరిగి ముడేసే పనివాడు
కణం కణంలో ఉంటాడు.
వాణ్ని తయారుచేసే రాత రెండు ప్రతులు,
అమ్మదొకటి, నాన్నదొకటి.
మీ ఇంట ఒక ప్రతి పుట్టుకతోనే చిరిగింది.

"రెండోది?"

అది చాలు, ఉన్నంతకాలం.
ఎక్కడో ఒక్క కణంలో అదీ పోయిన రోజు
ఎవరికీ నొప్పి తెలియదు.
తప్పు మీద తప్పు పేరుకుంటుంది.
పెరగమనే మీట నొక్కినచోటే ఇరుక్కుంటుంది.
ఇక చాలు, చచ్చిపొమ్మని చెప్పాల్సిన కాపలాదారు
మాట మరిచిపోతాడు.

సూది ఆగింది.
"అంటే అల్లేవాడి పాపం కాదు.
బాగుచేసేవాడు లేడు, అంతేగా."
నాకు పాఠం చెప్పినవాళ్లెవరూ
ఇంత తక్కువ మాటల్లో చెప్పలేదు.

మే నెలలో రెండు కవర్లతో మళ్లీ వెళ్లాను.
బొమ్మా బొరుసూ ఆట.
గార్లండ్‌కు వచ్చింది. మెలీనాకు రాలేదు.

గార్లండ్ నవ్వాడు.
"పడవను ఏటేటా ఒడ్డుకు లాగి
అడుగున పట్టిన గుల్లలు గీకుతాం కదా.
నన్నూ లాగండి."
నిజమే, వైద్యమంతా అంతే:
ఓ గొట్టం, ఓ దీపం, సన్నటి తీగ ఉచ్చు,
పిలకలు ముదరకముందే కోసెయ్యడం.

ఏడ్చింది మెలీనా.
కట్టెల మోపు వెనక, ఏప్రన్ నోట్లో కుక్కుకుని.
"నాన్న ముక్కు వచ్చింది, ఎడమచేతి వాటం వచ్చింది.
ఇదొక్కటీ నన్నెందుకు వదిలేసింది?
ఇక వాడి వంక ఎలా చూడను?"
పేగు పంచుకు పుట్టినవాళ్ల మధ్య
ఒక్క అక్షరం గోడ కట్టడం
ఏ పరీక్షాపత్రంలోనూ రాసి ఉండదు.
నా దగ్గర జవాబు లేదు.
కట్టెలు నాలుగు మోసి లోపలికొచ్చాను.

సెల్బీ పట్టిక ముందేసుకున్నాడు.
కొడుకు చదరంలో ఏం పెట్టాలో అడగలేదు.
తన దగ్గర ఆగాడు.
డెబ్బై ఒకటి. అదే చిరిగిన ప్రతి.
ఇంతవరకూ ఏమీ కాలేదు,
ఎందుకో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

"నన్నెలా నింపాలి?"

నింపొద్దు, మధ్యలో చుక్క చాలన్నాను.

పెన్సిల్ నాలుకకు తడిపి
వల కన్నులో సూది దూర్చినంత జాగ్రత్తగా
పెట్టాడు.
పెట్టి, చాలాసేపు
దాని మీద నుంచి వేలు తియ్యలేదు.