వీపంత జాగా

సంగడిగుంటలో మాకెవరితోనూ పగ లేదు,
పడమటి గోడతో తప్ప.
మధ్యాహ్నం మూడింటికి ఎండ వచ్చి దాని మీద కూర్చుంటుంది,
రాత్రి పదకొండైనా లేవదు.
గౌసియా నిద్రలో కాలు చాపి,
అట్లపెనం అంచు తగిలినట్టు
ఉలిక్కిపడి ముడుచుకుంటుంది.
పగలంతా తొడిమలు తీసిన చేతులతో గోడని ముట్టుకుంటే
ఏది మిర్చి మంటో ఏది గోడ మంటో
నాకే తెలియదు.

ఈ ఏడు ఆ తొడిమల కూలి
బియ్యం డబ్బా అడుగున, పద్దెనిమిది వేలు.
గోడకి ఏదో ఒకటి చెయ్యాలి.

కొత్తపేట షాపాయన థర్మాకోల్ పలక ఒకటి
చిటికెన వేలి మీద నిలబెట్టి చూపించాడు.
ఎలకలు కొరుకుతాయా అన్నాను.
ఎలకల సంగతి ఆయన ఎత్తలేదు.
రంగుల కంపెనీ కుర్రాడు తెల్లడబ్బా మీద చెయ్యేసి
పది డిగ్రీలు తగ్గుద్దన్నాడు.
ఎంతలోంచి పది అంటే
కాగితంలో వెతుక్కున్నాడు.
తడిగోనెలు వేలాడదీయమంది పక్కింటి సరోజనమ్మ.
రోజు మార్చి రోజు వచ్చే కుళాయి,
గోనె తాగితే మేమేం తాగాలి?

యేసోబు మేస్త్రి మాత్రం
వేలి కణుపుతో గోడని కొట్టి
చాలాసేపు విన్నాడు.
"నాలుగంగుళాల గోడ. బయట ఇంకో వరస లేపుదాం,
మధ్యలో రెండువేళ్ల ఖాళీ వదిలి.
ఇటుకకి డబ్బులు, సిమెంటుకి డబ్బులు.
పనిచేసేది మాత్రం ఆ ఖాళీయే,
దానికి పైసా ఇవ్వక్కర్లేదు."

నాగూరుని అడిగాను.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజిలో
పదకొండేళ్లుగా మిర్చి టిక్కీలు మోస్తున్నవాడు,
గోడల సంగతి అతనికి తెలియాలి.
రోళ్లు పగిలే ఎండల్లో స్వెట్టరు చంకన పెట్టుకుని
పనికెళ్లే మనిషి మా వీధిలో ఇంకొకడు లేడు.
పిల్లలు వెనక నవ్వుతారు.

"అక్కడ గోడ జానెడు మందం," అన్నాడు అన్నం కలుపుతూ.
"చలిని అది పుట్టించదు.
బయటిదాన్ని బయట నిలబెడుతుంది, అంతే.
తలుపు రెండు నిమిషాలు ఎక్కువ తీశామా,
ఉక్క లోపలికి తోసుకొచ్చి పొగమంచవుద్ది,
గుమస్తా కేకలు."
మరి మన గోడ?
"కట్టించెయ్," అన్నాడు,
పచ్చడి అటు జరుపుతూ.

ఇటుకలు దిగిన సాయంత్రం చూశాను.
ఏళ్లుగా కళ్ల ముందున్నదే, అప్పుడు చూశాను.
పని నుంచి వచ్చాడు.
స్వెట్టరు దండెం మీద వేశాడు.
నీళ్లు అడగలేదు, ఫ్యాను కిందికి రాలేదు.
బియ్యం డబ్బా పక్కన చతికిలబడి
వీపు ఆనించాడు
పడమటి గోడకి.
మేమంతా పారిపోయే గోడకి.
కళ్లు మూసుకున్నాడు.
ముందు ఎడమ భుజం, కాసేపటికి కుడిది,
కిందికి దిగాయి.

పెళ్లయిన కొత్తలోనూ
ఆ వీపు మీద చెయ్యేస్తే చల్లగా తగిలేది.
అది ఒంటి తత్వం అనుకున్నాను.

తెల్లారి యేసోబుతో చెప్పాను,
లోపల బియ్యం డబ్బా ఉన్నచోట
బయట ఆ మేరకి వరస కట్టొద్దని.
"అక్కణ్ణించి వేడి దిగుద్దమ్మా. చేసిన పనికి అర్థం ఉండదు."
దిగనీ.
"కిటికీ పెడతావా?"
లేదు.
"అలమర?"
లేదు.
నన్నోసారి చూసి, గోడనోసారి చూసి
జేబులోంచి బొగ్గుముక్క తీశాడు.
"వెడల్పెంతో చెప్పు మరి."

లోపలికెళ్లి దండెం మీది స్వెట్టరు తెచ్చి
చేతులు రెండూ వెనక్కి మడిచి
గోడకి పరిచి పట్టుకున్నాను.