మణికట్టు

పంతొమ్మిదేళ్లలో మొదటిసారి
ఎర్మెలిందా గీసిన గీత తప్పింది.
ఎంతో కాదు, వెంట్రుకవాసి.
షాంపూ సీసా మూతకు చేసే అచ్చులో
వంపు తన చోటు రాకముందే మొదలైంది.
నా యంత్రానికి తప్పొప్పులు తెలియవు,
చెప్పిన చోటల్లా కోసింది.
నలభై కిలోల ఉక్కు
మధ్యాహ్నానికి తుక్కు.

మరీన్యా గ్రాండేలో ఇలాంటి కబురు
కాఫీ చల్లారేలోపు ఊరు దాటుతుంది.
తాతలు గాజు ఊదిన ఊరు,
మేం ప్లాస్టిక్కుకు అచ్చులు చెక్కుతున్నాం.
ఏదైనా పగిలితే
చప్పుడు విని ఎంత నష్టమో చెప్పేస్తాం.

మేడెక్కాను, పోట్లాడదామనే.
ఆమె కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంది,
పక్కింటివాళ్ల పసిబిడ్డ
ఎక్కడ లేచి ఏడుస్తుందోనన్నట్టు.
"గీత సరిగ్గానే పెడుతున్నా, ఆబీలియో.
బటన్ నొక్కే క్షణంలో జారిపోతోంది.
చెయ్యి తిరిగిన మనిషినని పేరు నాకు.
ఇప్పుడిది తిరగనంటోంది."
తెచ్చిన కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక
కిటికీ మూసి దిగి వచ్చాను.

ఆ నెలంతా ఆమె బల్ల మీద సంత.
లెయిరియాలో కొన్న పల్చటి మౌస్,
అరిగిపోయిన సబ్బుముక్కలా అరచేతికి అందనిది.
ఆటలాడే కుర్రాళ్లది ఇంకొకటి,
ఒంటినిండా రంగుల దీపాలు,
ఊపిరి తగిలినా తెర అవతలికి గెంతుతుంది.
కరచాలనానికి చెయ్యి చాపినట్టు
నిటారుగా నిలబడేది మరొకటి,
దాంతో నాలుగు రోజులు స్నేహం,
అయిదో రోజు నొప్పి భుజానికి కాపురం మార్చింది.
బిల్లులు చూసే వాలెరియానో
కనుబొమలు దించడమే మానేశాడు.

"సుఖంగా ఉన్నదానికి గురి లేదు,
గురి ఉన్నదానికి జాలి లేదు" అంది.
నాకు మా ఇద్దరు మేనేజర్లు గుర్తొచ్చారు.

చివరికి ట్రాక్‌బాల్ మాట ఎత్తింది
పని నేర్చుకోడానికొచ్చిన జుల్మీరా.
వాళ్ల పిన్ని ఆసుపత్రిలో
కడుపులో బిడ్డ వేళ్లు లెక్కపెట్టే యంత్రం మీద
అలాంటి బంతే ఉంటుందట.
"వేళ్లు దొరికినప్పుడు మీ రెండు మిల్లీమీటర్ల రంధ్రం దొరకదా?"

నల్లటి గిన్నెలో ఎర్రటి బంతి.
మొదటి వారం సున్నా గీస్తే కోడిగుడ్డు,
గీత గీస్తే తాగి ఇంటికెళ్లేవాడి దారి.
తిట్టుకుంది. పెట్టెలో పెట్టింది. మళ్లీ తీసింది.
భోజనాల వేళ ఒక్కతే కూర్చుని
ఎవరూ అడగని ఒకే మరమేకును
వందసార్లు గీసింది.

ఒక సాయంత్రం దుమ్ము తుడుస్తుంటే
బంతి చేజారింది.
ఇనుప మెట్లు ఒక్కొక్కటే దిగి
ఉక్కు పొట్టులో దొర్లుకుంటూ
నా కాలి దగ్గరికొచ్చి ఆగింది.
ఇంకా వెచ్చగా ఉంది.
అలవాటు, ఏం చేయను,
మైక్రోమీటరులో పెట్టి మూడు పక్కల కొలిచాను.
మూడుసార్లూ ఒకే అంకె.
అంత గుండ్రనిది ఈ కార్ఖానాలో
నేనెప్పుడూ చెయ్యలేదు.

చొక్కాతో తుడిచి పైకి తీసుకెళ్లాను.
గిన్నెలో వేసి వేళ్లు ఆనించింది.
ముంజేయి బల్ల మీద నిద్రపోతోంది,
తెర మీద వంపు
తన చోటికి తానే వచ్చి మొదలైంది.
మణికట్టు అని ఎందుకన్నారో
అప్పుడనిపించింది నాకు:
కట్టు విప్పుకున్న మణి
వేళ్ల కింద తిరుగుతోంది,
చెయ్యి కదలడం లేదు.

కొత్త అచ్చులోంచి మొదటి మూత రాగానే
ఆమె సీసాకు పెట్టి నొక్కింది. టక్.
ఇంకేం మాట్లాడలేదు,
ఇద్దరికీ ఆ చప్పుడు చాలు.

నొప్పి పూర్తిగా పోలేదు.
నవంబరులో సముద్రపు గాలి లేస్తే
ఉన్ని పట్టీ చుట్టుకునే వస్తుంది.
తుక్కైన ఆ దిమ్మను అమ్మలేదు,
గిడ్డంగి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాం.
తొందరపడి మొదలైన ఆ వంపులో
ఎవరో సిగరెట్లు దాచుకుంటున్నారు.