నీలం బాకీ

సిరొంచ బస్టాండు పక్క సందుల
బోర్డులు రాస్త నేను.
ఎరువుల దుకాణానికి తెలుగుల,
తాసీలాఫీసుకు మరాఠీల,
పెండ్లి కారు వెనుక
పిల్ల దిక్కోళ్లు ఏదంటే అది.

మొన్న రెండు జీపులొచ్చి ఆగినయి,
నెంబరు ప్లేట్లు రెండు రాష్ట్రాలవి.
కాళేశ్వరంల ఒక్క పానవట్టం మీద రెండు లింగాలు,
ఇవతల వడదంల రాక్షసబల్లి బొక్కలు,
మధ్యల నది.
అన్నిటికీ ఒక్కటే టికెట్టంట.
పన్నెండడుగుల రేకు బోర్డు,
పటం నేనే వెయ్యాలె.

పైన ఏ లిపి అన్న కాడ
చాయ్ రెండుసార్లు చల్లారింది.
ఆఖరుకు పక్కపక్కనే రాయమన్నరు.
ఎడమ ఎవరిదని మాత్రం
ఇంకా ఎవరూ అడుగలేదు.

పైసలు చెరి సగం.
అవతలి సగం వారంల వచ్చింది.
మా సగం గడ్చిరోలిల
ఏదో బల్ల మీద కూసున్నది.
వచ్చిన పైసలకు వచ్చినంతే వేసిన:
గుడి, మెట్లు, వంతెనల సగం,
నదిల సగం.
మిగిలింది ఉత్త రేకు,
ఎండకు కండ్లల్ల పొడుస్తున్నది.

దుర్గం పోశం వచ్చి నిలబడ్డడు.
వంతెన పడ్డనాడు పడవ బోర్లేసిండు,
ఎనిమిదేండ్లు దాని కింద కోళ్లు గుడ్లు పెట్టినయి.
టూరిస్టులొస్తరని ఇప్పుడు మళ్ల తారు పూస్తున్నడు.
ఈ ఒడ్డు సారు లైసెన్సు ఆ ఒడ్డుల అడుగుమన్నడు,
ఆ ఒడ్డు మేడం ఈ ఒడ్డుల.
నారింజ జాకెట్లు మాత్రం ముందే ఇచ్చిండ్రు.

చాన సేపు చూసి అన్నడు:
"లస్మయ్యా, ఈడిదాంక ఏసి ఆపితివి,
నా పడవ రేకు మీద నడువాల్నా?"
నవ్విన. వాడు నవ్వలేదు.

సరిహద్దు గీత ఏడ పడుతదని అడిగిన.
"మా వదినె పుచ్చతోట నిరుడు మన దిక్కే ఉండె.
వరద తీసినంక ఇసుక మేట అటు జరిగింది.
కావలి గుడిసె ఎత్తుకొని
ఆమె కూడ జరిగింది."

రాత్రి లైటు పెట్టుకొని
ఇంటి తలుపులకని దాసిన నీలం డబ్బా మూత తీసిన.
ప్రాణహితకు కొంచెం పచ్చ కలిపిన,
గోదారికి కాస్త మన్ను రంగు.
రెండూ కలిసే కాడ
కుంచె కడుగలేదు.

బాకీల బుక్కుల ఎవరి పేరు రాయాలె?
ఆ రాష్ట్రమా ఈ రాష్ట్రమా అని
పెన్ను పట్టుకొని కూసుంటే కరెంటు పోయింది.
చీకట్ల చెయ్యికొచ్చింది రాసిన.
తెల్లారి చూస్తే
"ప్రాణహిత, లీటరున్నర."

పోశం వచ్చి గోరుతోని గీకి చూసి
"ఆరలేదింక" అని
వేలికంటిన నీలం
పడవకు తుడిచి పోయిండు.