ఆది

చీరాల నుంచి కరీముల్లా గారు పంపిన కాగితంలో
పద్నాలుగు గళ్ళు.
కింద ఎర్రసిరాతో ఒక మాట:
"ఆది జాకెట్టు ఉంటే ఇవేవీ అక్కర్లేదమ్మా,
అది పంపు చాలు."

ఉంది.
సూట్‌కేసు అడుగున, పాలిథిన్ కవర్లో, తెల్లది.
పదకొండేళ్ల కిందట ఆగిపోయిన పెళ్లికి కుట్టించింది.
హుక్కు కూడా పెట్టకుండానే మడతల్లోకి పోయింది.
నిన్న వేసి చూశాను.
మోచేతి పైన ఆగింది, అదీ ఆగిపోయింది.
దాన్ని ఆదిగా పంపలేను.

అందుకని ఈ ఆదివారం
హోబర్ట్‌లో, మూనాలో, మేడమీది గదిలో
హీటరు ముందు నిలబడి
నన్ను నేనే కొలుచుకుంటున్నాను.
కిటికీ అవతల కొండ నెత్తిన రాత్రి పడ్డ మంచు.
టేపు నడుముకి చల్లగా తగిలితే
ఎవరో పరాయి మనిషి ముట్టుకున్నట్టు ఉలిక్కిపడ్డాను.

కొలవడం నాకు కొత్త కాదు.
రాత్రి రెండింటి నుంచి బేకరీలో పిండి తూస్తాను,
ముద్దకి తొమ్మిది వందల గ్రాములు.
ఎక్కువైతే గిల్లుతాను, తక్కువైతే అతికిస్తాను.
ఇక్కడ గిల్లడానికీ లేదు, అతికించడానికీ లేదు.

ఛాతీ ముప్పై తొమ్మిది.
నడుము ముప్పై నాలుగని రాసి,
కొట్టేసి,
ముప్పై అయిదున్నర చేశాను.
ఎవరూ చూడని గదిలో
కడుపు బిగబట్టింది ఎవరి కోసమో.

చేతి లూజు అన్నచోట ఒకటే గడి.
నాకేమో చేతులు రెండు.
ట్రేలు మోసి మోసి కుడిది పన్నెండుంబావు,
దాని వెనకే నడిచొచ్చిన ఎడమది పదకొండున్నర.
గడి పక్కన ఇంకో గడి గీశాను.
ఇంత పెద్దదాన్ని ఒక గడిలో ఎలా ఇరికించను?

వీపు మాత్రం చిక్కలేదు.
ఈ చివర పట్టుకుంటే ఆ చివర జారుతుంది,
రెండు చివర్లూ పట్టుకుంటే మధ్యలో వంకర పోతుంది.
అద్దంలో అంకెలు అటుతిప్పి కూర్చున్నాయి.
అమ్మయితే జానతో తేల్చేసేది,
"రెండు జానల మీద వేళ్లు మూడు, రాసుకో."
నా జాన నా వీపుకి అందదు.

రూబేనుకి ఒక్క మాట చెబితే
లాన్సెస్టన్ నుంచి రెండున్నర గంటల్లో వచ్చి వాలతాడు,
దర్జీలా టేపు మెళ్లో వేసుకుని మరీ.
కానీ అతనికి నేను
మొదట అంకెల్లో తెలియడం ఇష్టంలేదు.

చివరికి గోడకి ఆనుకున్నాను.
ఎడమచేత్తో కుడి భుజం పక్కన పెన్సిలు గీత.
చెయ్యి మార్చి ఇంకో గీత.
ముందుకి జరిగి తిరిగి చూస్తే
తెల్లగోడ మీద
నేను ఇంతే, పదిహేనుంబావు.
ఈ కాస్త వెడల్పుతోనా
ఇన్ని ఊళ్ల తలుపుల్లోంచి పక్కకి తిరిగి, ఒదిగి ఒదిగి దూరాను?

సాయంత్రం ఫోన్లో కరీముల్లా గారు:
"ఊపిరి పీల్చి కొలిచారా, వదిలి కొలిచారా?"
చెప్పలేకపోయాను.
కాసేపు మిషను చప్పుడు.
"సరేలే. లోపలి కుట్టులో అంగుళంన్నర వదులుతా.
చర్చిలో పాట పాడాలిగా, ఊపిరాడొద్దూ?"

గురువారం ఇల్లు తనిఖీకి ఏజెంటు వస్తుంది.
గోడమీద గీతకి ఇంతని బాండు డబ్బులో కోస్తారు.
రబ్బరు పట్టుకుని కుడివైపు గీత సగం చెరిపాను,
తర్వాత చెయ్యి రాలేదు.
ఇంకోసారి ఆనుకుని చూశాను.
సరిగ్గా పట్టాను.

అడిగితే,
ఇక్కడ అర పెట్టుకుందామని కొలిచాం అంటాను.
కొలిచాం అనే అంటాను,
బహువచనంలో.