ట్యూబ్‌లైటు కింద నలుపు

లోపల నలుపే.
కౌంటరు మీద పరిచిన పాత దుప్పటిలో, ట్యూబ్‌లైటు కింద
రైఫిలు నల్లగానే ఉంది. ఎవరు ప్రమాణం చేయమన్నా చేస్తాను.
డెల్ఫీన్ రూకర్ట్ దాన్ని రెండు చేతుల మీదా ఎత్తుకుని
తలుపును భుజంతో తోసి వీధిలోకి నడిచింది.
ఫిబ్రవరి ఎండ. మంచు మీద పడి తిరిగి లేచిన ఎండ.
"ఇప్పుడు చూడు" అంది.

వంగపండు.
గొట్టం నలుపు, లీవరు నలుపు,
మధ్యలో రిసీవరు ఒక్కటీ
నూనె చేత్తో తుడిచి పెట్టిన వంకాయలా మెరుస్తోంది.

ఓరిన్ హౌగ్‌స్టాడ్ చలికోటు లేకుండానే బయటికొచ్చాడు,
చూశాడు, మళ్ళీ లోపలికి పట్టుకెళ్ళాడు.
"నలుపే కదమ్మా."
ఆమె మళ్ళీ బయటికి.
అలా నాలుగుసార్లు. తలుపుకు కట్టిన గంట
ఎవరి పక్షమూ వహించకుండా మోగుతూనే ఉంది.
ఎదురుగా పశువుల దాణా కొట్టువాడు బస్తాకు చేరగిలబడి
మా లూయిస్‌టౌన్‌కు ఆ చలికాలం దొరికిన ఒకే ఒక్క వినోదం చూశాడు.

ఆమె స్కూలు బస్సు నడిపింది, ముప్పై ఒక్క ఏళ్ళు.
అంతకు ముందు ధాన్యం గోదాములో పనిచేసి
తొలి జీతంతో కొన్న తుపాకీ ఇది.
"ఆరు వారాలన్నారు. పదకొండు నెలలు.
దుప్పుల కాలం వచ్చి వెళ్ళిపోయింది.
చెల్లెలి తుపాకీ అరువడిగాను, ఈ వయసులో."
ఆ అరువు దగ్గర మాత్రమే
గొంతు కొంచెం జీరపోయింది.

ఓరిన్ ఉక్కును నిందించాడు.
ఆ ఏళ్ళ ఉక్కులో ఏదో కలిపారట,
ఉప్పుల తొట్టిలో, నూట నలభై డిగ్రీల దగ్గర
తక్కినవన్నీ నల్లబడితే అది మాత్రం ఎర్రబడుతుందట.
ఆడలేక మద్దెల ఓడనడం కాదు.
మద్దెల నిజంగానే ఓడు.
కానీ ఆ సంగతి ఓరిన్‌కు ముందే తెలుసు.

అంతకు ముందటి క్రిస్మస్ వారంలో
ఇంకొకాయన రైఫిలు ఇలాగే తేలితే
తొట్టికి మూతవేసి, చేతి తొడుగులు విప్పుతూ
"ఈ రకం ఇక ఒప్పుకోకు" అన్నాడు నాతో.
మూడు నెలలు తిరక్కుండానే ఈమె వచ్చింది.
అద్దె బాకీ పడిన నెల.
చీటీ నేనే రాశాను: ఆరు వారాలు. గాఢ నలుపు.
నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, బళ్ళో మెచ్చుకునేవారు.

రసీదు అడుగున చీమతలకాయంత అచ్చు:
రంగు తేడాలకు మాకు బాధ్యత లేదు.
ఓరిన్ అక్కడ వేలు పెట్టాడు.
బస్సు అద్దంలో వెనక సీటు అల్లరిని చూసినట్టు
ఆమె ఆ వేలిని చూసింది, అచ్చు చదవలేదు.
"ముంచక ముందే నీకు తెలుసా?"

హీటరు బుసకొట్టింది.
ఓరిన్ నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.
నేను డబ్బాలో స్క్రూలు ఏరుతున్నాను,
ఏరినవే మళ్ళీ.

"సగం తగ్గిస్తాను."
"సగం ఏమిటి? తప్పు ఉక్కుదైతే ఒక్క డాలరూ తగ్గించకు.
నీదైతే ఒక్కటీ పుచ్చుకోకు."
ముప్పై రెండు ఇరవైల నోట్లు లెక్కపెట్టి, అంచులు సరిచేసి
దుప్పటి మీద పెట్టింది.
రసీదు అతని వైపు తిప్పింది.
"రంగు పేరు రాయి. నీ చేత్తో."

నలుపులో ఇరవై రకాలు తెలిసిన మనిషి.
తారు నలుపు, బావి నలుపు, వాన ముందరి నలుపు,
కొనేవాళ్ళ కళ్ళకు కట్టేలా చెప్పగలడు.
పెన్ను మూత తీశాడు.

బయట ఎండ దాణా కొట్టు కప్పు వెనక్కి జారుతోంది.
ఇంకో పది నిమిషాలు ఆగితే
వీధిలో కూడా అది నల్లగానే ఉంటుంది.
ముగ్గురికీ తెలుసు.

ఆమె టోపీ తీసి
స్టూలు లాక్కుని కూర్చుంది.